ఆరడుగుల సందు, నలభై అయిదడుగుల బావి

పోయిన వేసవిలో రెండు వారాలు సెలవు పెట్టి మా ఊరికి పోయాను. మా ఊరు బత్తలపల్లె. అనంతపురం నుంచి కదిరి పోయే దారిలో వస్తుంది, ఆర్డీటీ ఆస్పత్రి ఉన్న ఊరంటే చాలామందికి తెలుస్తుంది. 2022 ఏప్రిల్ దాకా మాది అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది గానీ వానలు మాత్రం పాత జిల్లావే. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా.

ఈసారి ఊరికి పోయేటప్పుడు ఒక ప్రాజెక్టు పెట్టుకుని పోయాను. మా ఇంటి వెనక ఎకరా తోట ఉంది. అందులో ఎండిపోయిన బోరు ఒకటి, పాడుబడిన బావి ఒకటి. బోరు పక్కన పెద్ద ఇంకుడు గుంత తవ్వించాలి, తవ్విన మన్ను తెచ్చి బావిలో వేసి పూడ్చెయ్యాలి. గుంతతో బోరుకు నీళ్ళు, బావి పూడితే పిల్లలకు భయం లేదు. ఒక్క మిషను, ఒక్క పూట. బెంగుళూరులో కూర్చుని ఎక్సెల్ షీటు కూడా వేశాను, నవ్వకండి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే సందు దగ్గర. తోటలోకి పోవడానికి ఒకప్పుడు బండిబాట ఉండేది. మా చిన్నాయన వాళ్ళు అటు, పెదనాయన వాళ్ళు ఇటు ఇళ్ళు కట్టుకున్నాక మిగిలింది ఆరడుగుల సందు. మామూలు జేసీబీ వెడల్పు ఏడడుగుల పైమాట. చూడ్డానికి వచ్చిన డ్రైవరు (ఇరవై అయిదేళ్ళ కుర్రాడు) సందుకు అడ్డంగా చేతులు చాపి, "అన్నా, బండి పట్టదు. గోడ కొట్టేస్తావా?" అన్నాడు. గోడ చిన్నాయనది. ఇంకేం మాట్లాడతాం!

అప్పుడు గుర్తొచ్చింది మినీ డిగ్గరు.

2008లో నేను ఇంగ్లాండులో ఆన్‌సైట్లో ఉన్నప్పుడు, మా టీం లీడు ఒక శుక్రవారం సాయంత్రం మినీ డిగ్గరు అద్దెకు తెచ్చుకున్నాడు. టన్నున్నర బరువుంటుంది, వెడల్పు మూడడుగులు, పెరటి గేటులోంచి దూరిపోతుంది. శని ఆదివారాలు రెండు రోజులూ తనే నడిపి, పెరడంతా తవ్వి చదును చేసుకుని, సోమవారం పొద్దున బురద ఫోటోలు చూపించాడు. నేను అడిగిన మొదటి ప్రశ్న, "మరి డ్రైవరు ఎవరు?" అని. ఆయనకు నా ప్రశ్న అర్థం కాలేదు. వాళ్ళ దగ్గర సొంత స్థలంలో నడుపుకోడానికి ప్రత్యేకంగా లైసెన్సు అడగరు, అద్దె కట్టి తాళంచెవి తీసుకోవడమే. నాకేమో, ప్రాజెక్టు మేనేజ్ చేసే మనిషి తన పెరడు తనే తవ్వుకోవడం అప్పట్లో వింతగా తోచింది. ఆ వింత ఎందుకు తోచిందో పదిహేనేళ్ళు పోయాక మా ఊర్లో తెలిసొచ్చింది.

సరే, ధర్మవరంలో అడిగాను, అనంతపురంలో అడిగాను. నాకు దొరకలేదు. బెంగుళూరులో దొరికింది గానీ, లారీ మీద ఎక్కించి పంపాలి, మనిషిని ఇచ్చే పంపుతారు, రాకపోకల ఖర్చు మనదే. లెక్క వేస్తే పనికంటే ప్రయాణం ఎక్కువ. "బండి మాత్రమే ఇయ్యండి, నేను నడుపుకుంటా" అంటే ఫోన్లో అవతలాయన కాసేపు మాట్లాడలేదు.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. మనం జేసీబీ అనే మాటను మట్టి తవ్వే ప్రతి మిషనుకూ వాడేస్తాం. అది ఒక మనిషి పేరు. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే ఆయన 1945లో ఇంగ్లాండులోని ఉటాక్సిటర్ అనే ఊర్లో ఒక గ్యారేజీ అద్దెకు తీసుకుని, యుద్ధంలో మిగిలిపోయిన పాత ఇనుముతో ట్రాలీ ఒకటి చేసి 45 పౌన్లకు అమ్మాడు. ముందు తొట్టి, వెనక తవ్వే చెయ్యి ఉన్న మిషను 1953లో చేశాడు. మన దేశంలో 1979లో ఎస్కార్ట్స్ తో కలిసి హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో తయారీ మొదలుపెట్టారు. 2003లో ఆ కంపెనీ పూర్తిగా జేసీబీ చేతికి పోయింది. ఆ తర్వాతి పదేళ్ళలోనే మా పల్లెల్లో పచ్చ బండి ఎక్కడ చూసినా కనిపించడం మొదలైంది. 2019 మే నెలలో 'జేసీబీ కీ ఖుదాయీ' అని దేశమంతా ఇంటర్నెట్లో నవ్వుకున్నారు గుర్తుందా? జేసీబీ తవ్వుతుంటే పని మానుకుని చూస్తారని. మా ఊర్లో అది జోకు కాదు, నిజంగానే చూస్తారు. నేనూ చూశాను.

మినీ డిగ్గరు పుట్టుక వేరు. 1960ల చివర, 1970ల మొదట్లో జపాన్ కంపెనీలు వీటిని బజారులోకి తెచ్చాయి. అక్కడ ఇళ్ళు ఇరుకు, సందులు ఇరుకు, పెద్ద మిషను పట్టదు, పారతో తవ్వడానికి కూలీలు దొరకరు. మా సందుకు సరిగ్గా సరిపోయే మిషనే. తేడా ఒక్కటే, మా దగ్గర పారతో తవ్వేవాళ్ళు దొరకని రోజు అంటూ మొన్నమొన్నటి దాకా లేదు. వందల ఏళ్ళుగా తవ్వడమే బతుకైన ఒక కులమే ఉంది మరి.

వడ్డెరలు. మట్టిపని చేసేవాళ్ళు కొందరు, రాతిపని చేసేవాళ్ళు కొందరు. 1909లో అచ్చయిన థర్‌స్టన్ కులాల పుస్తకంలో ఒడ్డెలు అని వీళ్ళ గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి. చెరువు కట్టలు, బావులు, రోడ్లు, రైలు కట్టలు, దక్షిణాదిలో మట్టితో కట్టిన వాటిల్లో వీళ్ళ చెయ్యి పడనిది అరుదు. గడ్డపార, పార, గంప, గాడిదలు, ఇవే సామాన్లు. పని ఎక్కడుంటే సంసారం అక్కడికి మారుతుంది. నా చిన్నప్పుడు చెరువు కింద గుడిసెలు వేసుకుని ఉండేవాళ్ళు, పని అయిపోగానే ఒక పొద్దున లేచి చూస్తే గుడిసెలు ఉండేవి కావు.

వాళ్ళకు కూలి రోజు లెక్కన కాదు, తవ్విన మట్టి కొలత లెక్కన. కొలిచే పద్ధతి చిన్నప్పుడు చూశాను గానీ అర్థం కాలేదు. పెద్ద గుంత తవ్వేటప్పుడు మధ్యలో అక్కడక్కడా మట్టి దిమ్మెలు తవ్వకుండా వదిలేస్తారు. పని అయ్యాక మేస్త్రీ వచ్చి ఆ దిమ్మె ఎత్తు కొలుస్తాడు, అదే గుంత లోతు. దిమ్మె నెత్తిన పాత గడ్డి అట్లాగే ఉండాలి. గడ్డి ఉందంటే పైన మట్టి వేసి ఎత్తు పెంచలేదని సాక్ష్యం. కొలత అయ్యాకే దిమ్మెను పడగొట్టేది. ఎవరూ ఎవరినీ నమ్మక్కరలేని ఏర్పాటు ఇది. మనం ఆడిట్ లాగ్, ఆడిట్ లాగ్ అని గింజుకుంటాం గదా, అది గడ్డి మొలిచి ఉండేది అన్నమాట.

మా ఇంటి వెనక బావి తవ్వింది కూడా వాళ్ళే. తాత తవ్వించింది, 1950ల చివర్లో. ఇరవై అడుగుల చదరం, నలభై అయిదడుగుల లోతు. మొదటి పదిహేను అడుగులు గరుసు, తర్వాత బండ. బండకు సమ్మెటతో బెజ్జాలు కొట్టి, మందు పెట్టి పేల్చి, రాళ్ళు గంపలకెత్తి పైకి లాగేవాళ్ళట. రెండు వేసవులు పట్టిందని నాయన చెప్తాడు. కూలి కొంత డబ్బు, కొంత జొన్నలు, రాగులు. రెండో వేసవిలో డబ్బు చాలక పని ఆగింది, అవ్వ కమ్మలు అమ్మాక మళ్ళీ మొదలైంది. ఎక్కడ తవ్వాలా అని తాత ఒక ఏడాది ముందు నుంచే ఆలోచించాడట. వానలో నీళ్ళు ఏ పక్క నుంచి పారి ఏ పక్కకు పోతున్నాయో చూసి, తోటలో పల్లపు మూల ఎంచుకున్నాడు. రెండు వేసవుల పని, పెళ్ళాం కమ్మలు పణంగా పెట్టే పని, మరి ఆలోచించకుండా ఎవరు మొదలుపెడతారు?

ఈ ఆలోచన మా తాత సొంతం కాదు, మా ప్రాంతానిది. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి ఉంది. విజయనగరం బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అక్కడ చెరువు తవ్వించి వేయించినది. రెండేళ్ళ పాటు రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయని అందులో ఉంది. అంటే ఏడు లక్షలకు పైగా పనిదినాలు. నాకు ఇంకా ముఖ్యమనిపించింది వేరే. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు ఆ రాతి మీద వరసగా చెక్కి పెట్టారు. నీటి శాస్త్రం తెలిసినవాడు ఉండాలి, గట్టి నేల ఉండాలి, మంచినీటి ఏరు ఉండాలి, దగ్గర్లో మంచి రాతి గని ఉండాలి, పని తెలిసిన జనం ఉండాలి, ఇట్లా. చదువుతుంటే ఎవరో సీనియర్ ఆర్కిటెక్టు రిటైరయ్యే ముందు రాసిపెట్టి పోయిన డిజైన్ డాక్యుమెంట్ లాగా ఉంటుంది.

ఆరు దోషాలు ఏంటంటే: కట్టలోంచి నీళ్ళు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం (రెండు టీముల మధ్య పడ్డ మాడ్యూలు గతి ఏమవుతుందో మనకు చెప్పాలా!), చెరువు నడుమ మిట్ట ఉండటం, నీళ్ళు తక్కువై పారించాల్సిన భూమి ఎక్కువ కావడం, నీళ్ళు ఎక్కువై భూమి తక్కువ కావడం. ఆ అయిదోది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం చెరువు కూడా ఆ 14వ శతాబ్దం నాటిదే. దాని కట్ట తెగబోతుంటే ఊరిని కాపాడటానికి ముసలమ్మ అనే కోడలు గండిలోకి నడిచిపోయిందని కథ. పేరు ముసలమ్మే గానీ ఆమె వయసులో ఉన్న పిల్ల. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' రాసింది ఈ కథ మీదే. నిజంగా జరిగిందా లేదా అన్నది అటుంచితే, మట్టి కట్ట అంటే మనిషి ప్రాణంతో సమానమని అనుకున్న జనమే ఇట్లాంటి కథ చెప్పుకుంటారు.

ఇట్లా చెప్తే పాతకాలమంతా బంగారం అన్నట్టు ఉంటుంది. కాదు. 1876-78 కరువులో మా ప్రాంతం (అప్పటికి బళ్ళారి జిల్లాలో ఉండేది, అనంతపురం జిల్లా 1882లో విడిపోయింది) ఘోరంగా దెబ్బతింది. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. మట్టి తవ్వడం, కంకర కొట్టడం. 1877లో రిచర్డ్ టెంపుల్ దొర మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, దాని మీద కొంచెం చిల్లర, అంతే చాలన్నాడు. రోజంతా గడ్డపార వేసేవాడికి ఇది తిండి కాదు, చావే అని మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ పోట్లాడాడు. తర్వాత పెంచారు, ఈలోపు పోయినవాళ్ళు పోయారు. పార పట్టిన చెయ్యి గొప్పదని రాయడం సులభం, ఆ చేతికి ఎంత కూలి ఇచ్చారన్నది కూడా రాయాలి గదా.

130 ఏళ్ళ తర్వాత అదే పార మళ్ళీ చట్టంలోకి వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని దేశంలో మొట్టమొదట మొదలుపెట్టింది మా దగ్గరే, నార్పల మండలం బండ్లపల్లెలో. 2005 నాటి ఆ చట్టంలో కాంట్రాక్టర్లు వద్దని, కూలీల పని లాక్కునే మిషన్లు సాధ్యమైనంత వరకు వద్దని స్పష్టంగా రాశారు. అంటే ఒక పక్క పచ్చ బండ్లు పల్లెల్లోకి దిగుతున్న రోజుల్లోనే, ఇంకో పక్క చేత్తోనే తవ్వాలనే చట్టం వచ్చింది. ఇది వెనకబాటుతనం కాదా అని అప్పట్లో ఆఫీసు కెఫెటేరియాలో వాదించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. జేసీబీ గంటలో చేసే పనికి వంద మందిని పెట్టడం ఏంటి, ఎఫిషియెన్సీ ఎక్కడుంది అని. గుంత కావాలా, వంద మందికి పని కావాలా అన్నది ముందు తేల్చుకోవాలన్న సంగతి అప్పుడు తట్టలేదు. రిక్వైర్‌మెంట్ చదవకుండా కోడ్ రివ్యూ చేసినట్టు!

తాతకూ నాకూ మధ్య నాయన ఉన్నాడు. ఆయన కాలం బోర్లది. 1966-67 కరువు తర్వాత యునిసెఫ్ మన దేశానికి గట్టి రాతిని తొలిచే రిగ్గులు తెప్పించింది, తాగునీళ్ళ కోసం. ఆ విద్య మెల్లిగా వ్యవసాయంలోకి వచ్చింది. తమిళనాడు తిరుచెంగోడు నుంచి రిగ్గు లారీలు మా పల్లెలకు రావడం మొదలైంది. రాత్రి వస్తారు, తెల్లారేసరికి మూడు నాలుగు వందల అడుగులు దించేస్తారు, డబ్బులు లెక్కపెట్టుకుని పోతారు. రెండు వేసవుల పని ఒక్క రాత్రికి వచ్చింది. ఎక్కడ వెయ్యాలన్నది కొబ్బరికాయ పట్టుకుని ఒకాయన చెప్తాడు.

1994 నుంచి 2003 దాకా నాయన అయిదు బోర్లు వేశాడు. మూడింటిలో దుమ్ము వచ్చింది. ఒకటి ఒక వేసవికే ఎండింది. ఒకటి ఆరేళ్ళు నీళ్ళిచ్చింది, ఆ నీళ్ళతోనే మల్బరీ పెట్టాడు. ఆ ఆరేళ్ళలోనే చుట్టూ ఇంకో పదో పదకొండో బోర్లు పడ్డాయి. ఊరు చుట్టూ ఒక్కొక్కరూ చేసింది ఇదే. 2002లో వాల్టా చట్టం వచ్చింది, బోరు వెయ్యాలంటే అనుమతి కావాలని. అప్పటికే మా బావిలో నీళ్ళు లేవు, రెండెకరాల చేను మాది కాదు. నేను బెంగుళూరులో ఉద్యోగంలో చేరి తీర్చిన మొదటి అప్పు మూడో బోరుది.

కిందున్నది బండ గదా, సంగతేంటంటే, మా నేలలో నీళ్ళుండేది పైనున్న గరుసు పొరలోనూ, ఆ కింద బండలో ఉన్న పగుళ్ళలోనూ. పగుళ్ళలో నీళ్ళు చేరడం చాలా నిదానం. ఆరున్నర అంగుళాల బోరు 500 అడుగులు దించి అంచుదాకా నింపినా అందులో పట్టేది దాదాపు 3,260 లీటర్లు. తాత బావిలో ఒక్క అడుగు నీళ్ళుంటే 11,300 లీటర్లు. అంటే 500 అడుగుల బోరు నిండా నీళ్ళు బావిలో పోస్తే నాలుగు అంగుళాలు కూడా రావు. బోరు అనేది నీళ్ళు దాచుకునే చోటు కాదు, తాగే స్ట్రా. ఊరంతా ఒకే గ్లాసులో స్ట్రాలు వేసి పీల్చాం. నీళ్ళు తక్కువ, పారించాల్సిన భూమి ఎక్కువ. పోరుమామిళ్ళ రాతి మీద ఉన్న అయిదో దోషం ఇదే, 1369లోనే బగ్ ఫైల్ చేసి పెట్టారు.

ఇంతకీ నా ప్రాజెక్టు సంగతి. సందు దగ్గర ఆగిపోయాక, ఆ డ్రైవరు కుర్రాడు ఎట్లాగూ వచ్చాను గదా అని లోపలికి వచ్చి తోట చూశాడు. బావి అంచున గొంతుక్కూర్చుని చాలాసేపు లోపలికి చూశాడు. "ఇది మావాళ్ళు తవ్విందేమోన్నా. ఈ పక్క పల్లెల్లో మా తాత వాళ్ళు శానా బావులు తవ్వినారంట" అన్నాడు. వడ్డెర్ల పిల్లోడని అప్పుడు తెలిసింది. వాళ్ళ తాత పార పట్టాడు, నాయన కంకర మిషన్లో పనిచేశాడు, ఈ పిల్లోడు జేసీబీ నడుపుతున్నాడు. బండి ఇతనిది కాదు, ఓనరుది.

నా ప్లాను చెప్పాను. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల లోతు గుంత, ఆ మన్నుతో బావి పూడ్చడం. అతను ఏమీ అనలేదు. అరుగు మీద కూర్చున్న నాయన నవ్వాడు. "ఏమిరా, ఇంజనీరు సదువు సదివినావు. ఆ గుంత మన్నుతో ఈ బాయి పూడుతాదా?"

అక్కడే మట్టి మీద పుల్లతో లెక్క వేశాను. గుంత 800 ఘనపుటడుగులు. తవ్వితే మన్ను పొంగుతుంది, వెయ్యి అనుకుందాం. బావి 18,000 ఘనపుటడుగులు. నా గుంత మన్నంతా పోస్తే బావి అడుగున రెండున్నర అడుగులు లేస్తుంది. అంతే! ఎక్సెల్ షీట్లో జేసీబీ గంటలు, డీజిలు, డ్రైవరు భోజనం, అన్నీ ఉన్నాయి. ఈ ఒక్క భాగహారం లేదు. పని సులభమై చేతికి అందేసరికి, ఆ పని ఎందుకని అడగడం మర్చిపోయాను. తాత ఏడాది ఆలోచించాడు, నాయన కొబ్బరికాయ తిరిగే దాకా ఆలోచించాడు, నేను అది కూడా చెయ్యలేదు.

ఆ కుర్రాడే అన్నాడు. "గుంత ఎందుకన్నా కొత్తగా? ఇంత పెద్ద గుంత తవ్వి పెట్టినారు గదా పెద్దోళ్ళు. వాన నీళ్ళు దీంట్లోకే తిప్పు." పల్లపు మూలనుంది, కింద దాకా పగుళ్ళున్న బండ ఉంది. మూడడుగుల ఎడంలో ఇంతకంటే మంచి ఇంకుడు గుంత ఎవరు తవ్వగలరు?

లెక్క మళ్ళీ వేశాను, ఈసారి సరిగ్గా. మా మిద్దె 1,200 చదరపుటడుగులు, అంటే 111 చదరపు మీటర్లు. 550 మిల్లీమీటర్ల వానలో ఆవిరీ వృథా పోగా అయిదింట నాలుగు వంతులు పట్టుకుంటే ఏడాదికి 49,000 లీటర్లు. బావిలో నాలుగడుగుల పైచిలుకు. ఇది మల్బరీని పండించదు, ఒప్పుకుంటాను. కానీ తోట వాలు మీద పారే నీళ్ళు కూడా కలిస్తే నేలకు కొంత తిరిగి పెట్టినట్టు అవుతుంది. ఇన్నేళ్ళూ తీసుకున్నదే గదా.

జేసీబీ చెయ్యి వెనక నుంచి పదిహేను అడుగుల లోతుదాకే అందుతుంది. కాబట్టి సందు పట్టినా పట్టకపోయినా ఆ బావి అడుగున పూడిక తీయడం దాని వల్ల కాదు. ఆ కుర్రాడే వాళ్ళ మామను, ఇంకో ముగ్గురిని తీసుకొచ్చాడు. మోటారు కప్పీ, ఇనుప బొచ్చె, తాళ్ళు. దిగే ముందు దీపం వెలిగించి బావిలోకి దించి చూశారు, ఆరిపోతే గాలి లేదని అర్థం. ఆరు రోజుల్లో ఎనిమిదడుగుల పూడిక తీశారు. ప్లాస్టిక్ కవర్లు, చెప్పులు, ఒక సైకిల్ రిమ్ము, అవ్వ పోగొట్టుకున్నానని బతికినన్నాళ్ళూ తిట్టుకున్న ఇత్తడి చెంబు. కూలి కొలత లెక్కనే మాట్లాడుకున్నారు. మొదటి రోజే బావి గోడ మీద సున్నంతో గీత గీసి, "ఇదో, ఇక్కడి నుంచి లెక్క" అన్నాడు మామ. గడ్డి దిమ్మె పోయి సున్నం గీత వచ్చింది. పద్ధతి మాత్రం అదే.

మిద్దె దగ్గర నుంచి బావి దాకా కాలవ మిగిలింది. అరవై అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు. ఇది నేనే తవ్వుతాను అన్నాను. మామ నన్ను ఎగాదిగా చూసి చిన్న పార ఒకటి ఇచ్చాడు. అమెరికాలో ఉన్నవాళ్ళకు తెలుసు, అక్కడ పెరట్లో తవ్వే ముందు 811కు ఫోను చేస్తే కింద ఏ పైపు ఉందో గుర్తులు పెట్టి పోతారు. మన దగ్గర కూడా 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యు డిగ్' అని యాప్ వచ్చింది. మా తోటకు ఆ యాప్ నాయనే. కర్రతో చూపించాడు, "ఇక్కడ కొళాయి పైపు ఉండాది, జానెడు పక్కకు జరుగు." నీళ్ళు నింపిన సన్న పైపుతో వాలు చూసుకున్నాం.

మొదటి పొద్దున పన్నెండడుగులు తవ్వి చేతులు బొబ్బలెక్కి కూర్చున్నాను. మొత్తం నాలుగు పొద్దులు పట్టింది. అరవై ఘనపుటడుగులు అంటే 1.7 ఘనపు మీటర్లు. మామ చేతిలో ఒక్క రోజు పని. 1877లో 450 గ్రాముల ధాన్యం తిని మనుషులు ఇంతకంటే గట్టి నేల తవ్వారన్నది నేను పుస్తకంలో చదివాను. ఆ నాలుగో రోజు పొద్దున అది చదివిన సంగతిగా లేదు. మా టీం లీడు సోమవారం పొద్దున బురద ఫోటోలు ఎందుకు చూపించాడో కూడా అప్పుడే అర్థమైంది. మన పెరడు తవ్వడానికి వేరే మనుషులుంటారని నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. అదెవరూ నాకు చెప్పలేదు. చెప్పక్కర లేకుండా తెలియడమే కులం అంటే.

ఆ మొత్తానికి అయిన ఖర్చు, బెంగుళూరు నుంచి మినీ డిగ్గరు తెప్పించడానికి అడిగిన దాంట్లో సగం కంటే కొంచెం ఎక్కువ. అది కూడా ఊర్లోనే మిగిలింది. మిషన్లు వద్దని అనడం లేదు నేను. కొత్త ఇంటి పునాదికి రేపు నేనే జేసీబీని పిలుస్తాను, ఆ కుర్రాడి బతుకు దాని మీదే ఉంది. బావి మీద ఇనుప జాలీ వేయించాం, పిల్లల భయం తీరింది. దానికి ఒక పూట పట్టింది.

సెప్టెంబరులో ఒక రాత్రి నాయన ఫోను చేశాడు. వెనకాల వాన చప్పుడు వినిపిస్తోంది. "కాలవ పారుతాండాది" అన్నాడు. ఎంత వచ్చింది అంటే, పొద్దున్నే టార్చి లైటు వేసి చూసి చెప్పాడు, అడుగు కంటే కొంచెం తక్కువ. అంటే పది వేల లీటర్లు. వారానికంతా ఇంకిపోయింది. "ఇంకిపోయిందిరా" అని చెప్పేటప్పుడు ఆయన గొంతులో సంతోషం ఉంది. ముప్పై ఏళ్ళలో నీళ్ళు కిందికి పోయాయని ఆయన సంతోషంగా చెప్పడం నేను వినడం అదే మొదలు.